సమన్ల బాబాయి సర్వీసు

సమన్ల బాబాయి వీధిలోకి అడుగుపెడితే కిటికీ తెరలు వాటంతట అవే పడిపోతాయని చెప్పుకునేవారు. అది వట్టి అబద్ధం. తెరలు మనుషులే లాగేవారు. కొందరు అంతటితో ఊరుకోక దీపం కూడా ఆర్పేవారు. పట్టపగలు దీపం ఆర్పితే లాభమేమిటని అడక్కండి, కంగారులో మనిషికి అవన్నీ తట్టవు.

ఆయన చేసిన నేరమల్లా కోర్టులో ప్రాసెస్ సర్వర్ ఉద్యోగం. ఎవరి మీదైనా దావా పడితే, ఫలానా రోజున కోర్టుకు రమ్మనే సమను ఒకటి తయారవుతుంది. దాన్ని ఆ మనిషి చేతికిచ్చి సంతకం తీసుకురావాలి. దీన్నే కోర్టువాళ్ళు సర్వీసు అంటారు. వినడానికి ఎంతో సులువు. కాని మనిషి దొరకాలి కదా!

దొరక్కపోతే దారులు లేకపోలేదు. ఇంట్లో వేరే పెద్దవాళ్ళుంటే వాళ్ళ చేతికివ్వవచ్చు. తీసుకోనని మొండికేస్తే 'తిరస్కరించారు' అని రాసుకుని వచ్చేయవచ్చు, చట్టం దృష్టిలో అందినట్టే. ఇంటికి తాళం వేసి ఉంటే తలుపుకు అంటించి రావచ్చు, అదీ అందినట్టే. బాబాయికి మాత్రం అంటించడమంటే తల తీసేసినట్టుండేది. "తలుపుకేం తెలుసయ్యా? మనిషి చేతిలో పడితేనే సర్వీసు!" అనేవాడు.

అందుకే ఆ మాటను ఇంకెవరు వాడినా ఆయనకు ఒళ్ళు మండేది. వీధి చివర మెకానిక్ తన షెడ్డు మీద 'స్కూటర్ సర్వీసింగ్' అని రాయించుకుంటే, "కడిగి నూనె పోయడం సర్వీసెలా అవుతుంది?" అని తగాదా వేసుకున్నాడు. బస్టాపులో ఎవరో ఆఖరి సర్వీసు వెళ్ళిపోయిందంటే, "వెళ్ళింది బస్సు" అని దిద్దాడు. ఆఫీసులో హెడ్ గుమాస్తా "నా ఇన్నేళ్ళ సర్వీసులో" అని మొదలుపెడితే, "కుర్చీలో కూర్చున్న కాలమంతా సర్వీసేనా?" అని అడ్డుపడ్డాడు. ఇంట్లో భార్య ఒక్కతే ఆయన నోరు మూయించగలిగేది. "పెళ్ళయినప్పట్నుంచీ నేను మీకు చేస్తున్నదేమిటో కాస్త చెప్పండి మరి," అనేది.

అలాంటి మనిషికి రిటైర్మెంటు వచ్చిపడింది.

మొదట్లో ఇంట్లోనే కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటే గాని కాలు నిలిచేది కాదు. వంటింట్లోకి చప్పుడు చేయకుండా వచ్చి భార్య వెనక నిలబడేవాడు. ఆవిడ ఉలిక్కిపడి గరిటె వదిలేసేది. పాలవాడు వస్తే ముందు పేరడిగి, తండ్రి పేరడిగి, అప్పుడు గిన్నె పట్టేవాడు. పాపం, ఆవిడకు తల ప్రాణం తోకకొచ్చింది. తెల్లారి లేస్తే వెళ్ళడానికొక చోటు లేకపోవడం ఆయనకెంత దిగులుగా ఉందో ఆవిడకూ తెలుసు. అందుకే గట్టిగా ఏమీ అనలేక, కూతురికి చెప్పింది.

కూతురు అప్పుడే బజారు మలుపులో ఒక చిన్న హోటలు తెరిచింది. పొడుగాటి గది, గోడవారగా బల్లలు, వెనక వంటగది. సూపు, రొట్టె, అన్నం, కూరలు. చేతి రుచి అమ్మది, నోటి దురుసు నాన్నది అని ఆ పిల్లే చెప్పుకునేది. వడ్డించే మనిషి పని మానేసి వెళ్ళిపోతే ఆ అమ్మాయి చేతులు విరిగినట్టు అల్లాడుతోంది.

"నాన్నా, నువ్వు రా. సర్వీసు చూసుకో," అంది.

బాబాయి ముఖం చేటంత అయింది. "సర్వీసు నాకు కొత్తా?" అన్నాడు. పాపం, ఆ ముక్కలోనే అసలు చిక్కంతా ఉందని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

మొదటిరోజే హోటల్లో అందరికీ ముచ్చెమటలు పోశాయి. బాబాయి ఒక్కో బల్ల దగ్గరికీ వెనక నుంచి వచ్చేవాడు. "మీ పేరు?" అని అడిగి, ఎగాదిగా చూసి, గిన్నె ముందుపెట్టి, ఒకడుగు వెనక్కి వేసి నిలబడేవాడు. నవ్వూ లేదు, పలకరింపూ లేదు. ఒకాయన చేతులు కడుక్కోవడానికి లేచి వెళ్తే ఆయన భోజనం పక్క కుర్చీలోని బావమరిది ముందు పెట్టేశాడు, ఇంట్లో పెద్దవాళ్ళకిస్తే అందినట్టే కనుక. ఆ బావమరిది కూడా తక్కువవాడేం కాదు, బావ తిరిగొచ్చేలోపు రెండూ లాగించేశాడు.

ఇంకొకాయన, "నేను అన్నం అడిగాను, రొట్టె తెచ్చావేమిటి? నాకొద్దు," అన్నాడు.

"వద్దన్నా అందినట్టేనండి," అన్నాడు బాబాయి మర్యాదగా. రొట్టె అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం కూతురు తలపట్టుకుని కూర్చుంది. తండ్రి మీద ఆ పిల్లకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. నవ్వాక భయమేసింది. కొత్త హోటలు, నలుగురి నోళ్ళలో పడితే అంతే సంగతులు.

"నాన్నా, లోపల పని నేను చూసుకుంటాను. నువ్వు ఇళ్ళకు క్యారియర్లు తీసుకెళ్ళు. ఈ వీధులన్నీ నీకు కరతలామలకం కదా," అంది. తల వంచుకుని, "ఇది కూడా కుదరకపోతే మాత్రం ఇంట్లోనే ఉండాలి నాన్నా, ఏమనుకోకు," అంది.

బాబాయి ఏమీ అనుకోలేదని చెబితే నమ్మకండి. ఉద్యోగమంతా జనం ఆయన్ని చూసి ముఖం మాడ్చుకున్నారు, తలుపులేశారు. దానికి ఆయన అలవాటుపడ్డాడు గాని, ఇష్టపడలేదు. అన్నం పట్టుకెళ్తే ఎవరైనా నవ్వుతూ తలుపు తీస్తారేమో, ఒక్కసారి ఆ ముచ్చట చూడాలని లోలోపల ఆశపడ్డాడు. ఈ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

మొదట్లో నవ్వుతూ తలుపు తీసినవాళ్ళెవరూ లేరు. ఫోను చేసి కూర తెప్పించుకున్న దర్జీ, గుమ్మంలో బాబాయిని చూసి కుట్టు మిషను కింద దూరాడు. క్షౌరశాలాయన సగం గీసిన గడ్డాన్ని అలాగే వదిలేసి పెరట్లోకి పారిపోయాడు, గడ్డం తాలూకు మనిషి అద్దం ముందు అలా నోరు తెరుచుకుని ఉండిపోయాడు. అయినా ఆకలి గొప్పది. కూర వాసన తగిలాక దర్జీ మిషను కింద నుంచి చెయ్యి ఒక్కటే చాపాడు. మర్నాడు తల కూడా బయటపెట్టాడు. మెల్లమెల్లగా వీధి బాబాయికి అలవాటు పడింది. కొరకరాని కొయ్యగా మిగిలింది ఒక్క ఇల్లే.

అది డ్రిల్లు మాస్టారిల్లు. ఒంటరి మనిషి. ఒకప్పుడు బళ్ళో పిల్లలకు ఆటలు నేర్పేవాడు, టెన్నిస్ అంటే ప్రాణం. ఇప్పటికీ పొద్దున్నే మైదానంలో నలుగురినీ పోగేసి నడిపిస్తాడు. ఆయన మాటంటే ఆ నడక బృందానికి వేదం. హోటలు బాగుందని ఆయనంటే బృందమంతా వచ్చి వాలుతుంది, బాగాలేదంటే అటు తొంగి కూడా చూడదు.

బాబాయికీ మాస్టారికీ పాత లెక్క ఒకటుంది. చాన్నాళ్ళ కిందట పక్కింటాయన గోడ తగాదా పెట్టుకుని మాస్టారి మీద దావా వేశాడు. బాబాయి సమను పట్టుకుని ఆయన చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. ముందు నుంచి వెళ్తే మాస్టారు వెనక నుంచి మాయం. వెనక నుంచి వెళ్తే మేడ మీద నుంచి పక్కింటి సన్‌షేడు మీదికి. చివరికి బాబాయి పళ్ళు కొరుక్కుంటూ తలుపుకు అంటించి వచ్చాడు. దావా తర్వాత రాజీ అయిపోయింది, గోడా కూలిపోయింది, ఆ పక్కింటాయనా ఇల్లు మారిపోయాడు. బాబాయి ఉద్యోగం మొత్తంలో చేతికి చిక్కనివాడంటూ మిగిలింది మాత్రం ఆ మాస్టారొక్కడే.

ఆ మాస్టారు హోటలుకు ఫోను చేసి, మధ్యాహ్నానికి సూపు, రొట్టె పంపమన్నాడు.

బాబాయి ఒళ్ళు జల్లుమంది. క్యారియరు తీసుకుని బయల్దేరాడు. అరగంట తర్వాత, బరువు ఏమాత్రం తగ్గని క్యారియరుతో తిరిగొచ్చాడు. "ఇంట్లో లేరు. టీవీ మోగుతోంది, నేను గేటు దగ్గరికి రాగానే ఆగిపోయింది. ఆ వెనకే పెరటి తలుపు చప్పుడు," అని నివేదిక ఇచ్చాడు.

ఆ మాట పూర్తికాకుండానే ఫోను మోగింది. మాస్టారే. "ఎంతసేపమ్మా? ఇక్కడ కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. ఇదేనా మీ సర్వీసు?" అని కేకలు. కూతురు బతిమాలి, రేపు తప్పకుండా పంపిస్తానంది. మర్నాడూ అదే జరిగింది. ఈసారి మాస్టారు, "మైదానంలో అందరికీ చెప్తాను చూడు, మీ హోటలు సంగతి!" అని ఫోను పెట్టేశాడు.

కూతురు గిన్నెలు తుడుస్తూ, "రేపొక్కసారి చూద్దాం నాన్నా. రేపు కూడా ఆయన చేతికి అన్నం అందకపోతే ఇంక ఈ పని వద్దు," అంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తండ్రిని పనిలోంచి తీసేయడం ఏ కూతురికి మాత్రం బాగుంటుంది? బాబాయి "అలాగేనమ్మా" అని గోడ వైపు చూశాడు.

అన్నీ వింటున్న భార్య మాత్రం కిసుక్కున నవ్వింది. ఆవిడ ఆ మధ్యాహ్నం, ఈయన వెళ్ళి చేసే నిర్వాకమేమిటో చూద్దామని, కూరల సంచీతో వెనకే వెళ్ళింది లెండి.

"ఏవండీ, మీరు మాస్టారింటికి ఎలా వెళ్ళారో ఒకసారి చెప్పండి," అంది.

"ఎలాగేమిటి? మామూలుగానే. వెనక సందులోంచి, గోడవారగా."

"చెప్పులు?"

"చప్పుడవుతాయని విప్పి చంకలో పెట్టుకున్నాను."

"క్యారియరో?"

"వీపు వెనక దాచాను. కనిపిస్తే మనిషి జాగ్రత్తపడిపోడూ?"

ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అన్నం తీసుకెళ్ళే మనిషి దొంగలా వెళ్ళడమేమిటండీ! దాన్ని వీపు వెనక దాచడమేమిటి! పాపం ఆయన కిటికీలోంచి మిమ్మల్ని చూసి, మళ్ళీ ఎవరో దావా వేశారనుకుని పెరట్లోకి పరిగెత్తుతున్నాడు. పరిగెత్తి పరిగెత్తి ఆకలేసి, అన్నం ఇంకా రాలేదేమని మీ అమ్మాయికే ఫోను చేస్తున్నాడు!"

కూతురు కళ్ళు తుడుచుకోబోయి పకపకా నవ్వేసింది. బాబాయి కాసేపు గుర్రుమన్నాడు గాని, చివరికి ఆయనకూ పెదవి కొస కదిలింది.

"మరైతే ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

"ముందు గేటు నుంచి వెళ్ళండి. అందరికీ కనపడేలా వెళ్ళండి. గట్టిగా పిలవండి."

గట్టిగా పిలవడం! ఇంతకంటే కష్టమైన పని ఆవిడ ఇంకొకటి చెప్పలేదేమో. పిలిస్తే పారిపోతారని ఇన్నాళ్ళూ పిలవకుండా బతికిన మనిషి. ఆ సాయంత్రం పెరట్లో నిలబడి "మాస్టారూ" అని సాధన చేశాడు. మొదటిసారి గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. నాలుగైదుసార్లయ్యాక పక్కింటివాళ్ళు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు.

మర్నాడు మధ్యాహ్నం బాబాయి ముందు వీధిలోంచి, చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్ళాడు. మాస్టారి గేటు ముందు ఆగి, క్యారియరు రెండు చేతులతో నెత్తి మీదికెత్తి పట్టుకున్నాడు. దర్జీ, మెకానిక్, సగం గడ్డాల క్షౌరశాలాయనతో సహా వీధంతా పని మానేసి చూస్తోంది.

"మాస్టారూ! సూపూ!"

లోపల టీవీ ఆగిపోయింది. పెరటి తలుపు ధడాలుమంది.

బాబాయి క్యారియరు దించి, గేటు తీసుకుని మెట్ల దాకా వెళ్ళాడు. అయిపోయింది. రేపటి నుంచి మళ్ళీ ఇల్లు, వంటగది, పాలవాడి తండ్రి పేరు. తలుపు గొళ్ళేనికి క్యారియరు తగిలించి పోదామా అనుకున్నాడు. చెయ్యి ఆ గొళ్ళెం దాకా వెళ్ళింది కూడా. తలుపుకేం తెలుసు? చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మెట్టు మీద చతికిలబడి, పోయిన పరువు ఎలాగూ పోయింది, సూపు చల్లారిపోవడం దేనికని మూత తీసి, గిన్నె నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏయ్! అది నా సూపు!"

తలెత్తి చూస్తే కూలకుండా మిగిలిన రెండో వైపు గోడ మీద మాస్టారి తల. జుట్టు నిండా దుమ్ము, చెవి మీద సాలెగూడు.

"మీదే మాస్టారూ. మీరు తీసుకోవడం లేదుగా," అన్నాడు బాబాయి.

"నువ్వు హోటలు మనిషివా? నన్ను నమ్మమంటావా? ఈసారి సమను సూపులో పెట్టి తెచ్చావేమో! గిన్నెలన్నీ విప్పి చూపించు."

బాబాయి ఒక్కొక్క గిన్నె విప్పి చూపించాడు. సూపు, రొట్టె, కూర. అట్టడుగు గిన్నెలోంచి మడతపెట్టిన తెల్ల కాగితం ఒకటి బయటపడింది. గోడ మీద తల టక్కున మాయమైంది.

"చేతులు తుడుచుకునే కాగితం మాస్టారూ! మా అమ్మాయి పెట్టింది!" అని బాబాయి అరిచాడు. అరవడం నిన్ననే నేర్చుకున్నాడు కనుక బాగానే వినపడింది. వీధంతా ఘొల్లుమంది. ఆ నవ్వుకు మాస్టారి తల మళ్ళీ పైకొచ్చింది, ఈసారి నవ్వుతూ.

కాసేపటికి ముందు తలుపు తెరుచుకుంది. మాస్టారు ఒళ్ళు దులుపుకుంటూ వచ్చి మెట్టు మీద బాబాయి పక్కన కూర్చున్నాడు. "గోడెక్కాను చూశావా? ఈ వయసులో!" అన్నాడు గర్వంగా.

"చూశాను. అయినా ఎందుకండీ ఈ పరుగు? మీ దావా ఎప్పుడో రాజీ అయిపోయింది."

"నాకు తెలీదూ?" మాస్టారు రొట్టె తుంచుతూ కాస్త తగ్గాడు. "రాజీ అయ్యాక నువ్వు రావడం మానేశావు. నిజం చెప్పొద్దూ, ఇల్లు బోసిపోయింది. నా కోసం అంత పట్టుదలగా తిరిగినవాడు నువ్వొక్కడివేనయ్యా. మొన్న గోడవారగా నిన్ను చూసేసరికి భయం ఎంత వేసిందో, సంతోషం అంతే వేసింది. ఆగలేక పరిగెత్తాను."

తనను చూసి ఒక మనిషికి సంతోషం కలగడమన్నది బాబాయి లెక్కలో లేనే లేదు. గుండె నిండిపోయి, దాన్ని దాచుకోవడానికి గిన్నె మూత తుడిచాడు.

"మనిద్దరిదీ సర్వీసే, కాని నీది తిరకాసు వ్యవహారం," అన్నాడు మాస్టారు నోటి నిండా రొట్టెతో. "మా టెన్నిస్‌లో సర్వీసంటే బంతి అవతలివాడికి అందకుండా వెయ్యాలి. మీ కోర్టులోనేమో వద్దు మొర్రో అన్నా అందేలా వెయ్యాలి. నేను అందకుండా బతకడం నేర్చుకున్నాను, నువ్వు అందించడం నేర్చుకున్నావు. అన్నం చేతికెలా అందాలో పెట్టే నీకూ తెలీలేదు, తినే నాకూ తెలీలేదు. మీ అమ్మాయి చేసేదే అసలు సర్వీసు."

వేరే ఎవరన్నా ఈ మాటంటే బాబాయి ఒంటికాలి మీద లేచేవాడే. ఈసారి, "అవును మాస్టారూ," అన్నాడు.

తిన్నాక మాస్టారు ఆ తెల్ల కాగితంతో చేతులు తుడుచుకోలేదు. బాబాయి జేబులోని కలం తనే లాక్కుని, దాని మీద 'స్వయంగా అందుకున్నాను' అని రాసి, కింద పెద్ద సంతకం పెట్టి ఇచ్చాడు. "ఇది నీకు నా పాత బాకీ," అన్నాడు. బాబాయి దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, హోటలు దాకా గాల్లో తేలుతున్నట్టు నడిచాడు.

వెళ్ళేసరికే ఫోను మోగుతోంది. కూతురు బిక్కుబిక్కుమంటూ ఎత్తింది. విని, నవ్వాపుకుంటూ తండ్రి వైపు తిరిగింది. "నడకవాళ్ళందరికీ రేపు మధ్యాహ్నం ఇక్కడే భోజనమట నాన్నా. ఆయన మాత్రం ఇంట్లోనే తింటాడట. నిన్నే పంపమన్నాడు, ఇంకెవరొచ్చినా తీసుకోడట. పైగా వెనక సందులోంచే రమ్మన్నాడు. పరుగు లేకపోతే ఆకలెయ్యదట."

మర్నాడు బాబాయి చెప్పులు చంకలో పెట్టుకుని, క్యారియరు వీపు వెనక దాచుకుని, గోడవారగా పెరటి గుమ్మం దాకా వెళ్ళాడు. తలుపు బార్లా తీసి ఉంది. లోపల రెండు కుర్చీలు, బల్ల మీద రెండు ఖాళీ గిన్నెలు. మాస్టారు తలుపు చాటు నుంచి వచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు.

"దొరికావు! కూర్చో."

"నేను ఇచ్చి వెళ్ళాలి మాస్టారూ…"

"మా ఆటలో సర్వీసు ఎప్పుడూ ఒకడి చేతిలోనే ఉండదయ్యా, మారుతూ ఉంటుంది. ఇవాళ నాది," అంటూ మాస్టారు క్యారియరు లాక్కుని, గరిటెతో సూపు తీసి ముందు బాబాయి గిన్నెలో పోశాడు.

బాబాయి పొగలొస్తున్న ఆ గిన్నెను రెండు చేతులా దగ్గరికి లాక్కున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, చెయ్యి జేబులో కలం వెతుక్కుంది. సంతకం పెట్టాల్సింది ఈసారి తనేనని అప్పుడు గుర్తొచ్చింది.